నా సైట్‌లో పరాయి లైను

2025 మార్చి నెలాఖరులో, ఐపీఎల్ మొదలైన కొత్తల్లో, మా సంగీతం క్లాసు వెబ్‌సైట్‌ని ఫోన్‌లో తెరిచినవాళ్లలో కొందరికి సరళీ స్వరాల పేజీ బదులు క్రికెట్ బెట్టింగ్ పేజీ రావడం మొదలైంది. అందరికీ రాలేదు. వచ్చినవాళ్లకి రెండోసారి రాలేదు. నాకైతే అసలు కనిపించనే లేదు.

మొదట ఫోన్ చేసింది రిసాలా బజార్ నుంచి వచ్చే ఒక పాప వాళ్ల నాన్న. "ఏంది మేడం, మీ లింకు ఒత్తితే బెట్టింగు వస్తున్నది? ఫోను మా పాప చేతిల ఉండె. మా నాయిన పక్కన్నే కూసున్నడు" అన్నాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచలేదు. వెంటనే కంప్యూటర్‌లో తెరిచి చూశాను, బాగానే ఉంది. నా ఫోన్‌లో చూశాను, బాగానే ఉంది. "మళ్లీ ఒకసారి చూడండి" అన్నాను. చూశాడు. "ఇప్పుడు మంచిగనే వస్తున్నది" అన్నాడు. ఫోన్ మాట్లాడుతూనే నేనేదో సర్దేశానన్న అనుమానం ఆ "ఇప్పుడు"లో నాకు తెలిసిపోయింది.

ఆ నెల తెలుగు టీవీ చూసినవాళ్లకి నా భయం చెప్పక్కర్లేదు. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని పంజాగుట్టలో, మియాపూర్‌లో పోలీసులు యూట్యూబర్ల మీద, సినిమా నటుల మీద కేసులు పెట్టారు. ఏ ఛానల్ పెట్టినా అదే చర్చ. ఆన్‌లైన్‌లో పందెం కాసే ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఎవరో "మన టీచర్‌కి కూడా కమిషన్ ముడుతోందేమో" అని నవ్వు బొమ్మతో పెట్టి, నేను చూసేలోపే తీసేశారు. మెసేజ్ తొలగించారన్న గీత మాత్రం అక్కడ మిగిలింది. తీసేయకముందు ఆ మెసేజ్ చదివినవాళ్లెవరో నాకు చెప్పారు. "రేపు పోలీసులొచ్చి అడిగితే ఏం చెప్తావు?" అన్నారు మా వారు. ఆయన ఉద్యోగమంతా లెక్కలు సరిచూసే శాఖలో గడిచింది. ఆధారం లేని మాటకి మా ఇంట్లో విలువ లేదు. నా దగ్గర ఆధారం లేదు.

నాకు కోడింగ్ రాదు. మచ్చ బొల్లారంలో ఇంట్లోనే కర్ణాటక సంగీతం చెప్తాను. అల్వాల్, లోతుకుంట, కొంపల్లి నుంచి పిల్లలొస్తారు. కంటోన్మెంట్ పక్కనే ఉన్నాం కాబట్టి మిలిటరీ కుటుంబాల పిల్లలూ ఎక్కువే. జంట స్వరాలు దాటి అలంకారాలకొచ్చేసరికి వాళ్ల నాన్నకి బదిలీ అవుతుంది, పాప పఠాన్‌కోట్ వెళ్లిపోతుంది. 2020 లాక్‌డౌన్‌లో ఫోన్ ముందు కూర్చుని పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక అలా వెళ్లిపోయినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. వాళ్ల వెంట న్యూజెర్సీ నుంచి, డాలస్ నుంచి మన పిల్లలూ చేరారు. ఎవరికి ఏ టైమో చెప్పలేక సతమతమవుతుంటే మా చెల్లెలి కొడుకు ఒక సైట్ బిల్డర్‌లో పేజీలు పేర్చి వెబ్‌సైట్ చేసిపెట్టాడు. వాడికి పుణేలో ఉద్యోగం రాగానే ఆ సైట్ నా చేతికొచ్చింది.

బిల్డర్లో ఫోటో పెట్టడం, అక్షరాలు మార్చడం ఎవరికైనా వస్తుంది. కానీ ఇంటి దారి చూపే మ్యాపు, క్లాసు బుక్ చేసుకునే క్యాలెండర్, మూలన ఆకుపచ్చ వాట్సాప్ గుండ్రం, ఎంతమంది చూశారో చెప్పే కౌంటర్, ఇవేవీ ఆ బిల్డర్ కంపెనీవి కావు. బయటివాళ్ల దగ్గర్నుంచి నాలుగు లైన్ల కోడ్ కాపీ చేసి మన పేజీలో అతికించుకోవాలి. వీటినే విడ్జెట్లు అంటారు. ఇచ్చే ప్రతివాడూ "కోడింగ్ అక్కర్లేదు" అని పెద్దక్షరాలతో రాస్తాడు.

మ్యాపుతో నేను పడ్డ పాట్లు చెప్తే మీకు విషయం తెలుస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో మన ఇల్లు పెట్టి, షేర్ నొక్కి, మ్యాపును ఎంబెడ్ చేసే చోట కోడ్ కాపీ చేసుకోవాలి. చేసుకుని మామూలుగా రాసుకునే పెట్టెలో అతికించాను. పేజీలో మ్యాపు రాలేదు, కోడే అక్షరాలా కనిపించింది, కోణపు బ్రాకెట్లతో సహా. ఒక తల్లి స్క్రీన్‌షాట్ పంపి "ఇదేం రాగం టీచర్?" అని అడిగింది. కోడ్‌కి వేరే పెట్టె ఉంటుందట, దాని పేరు హెచ్‌టీఎమ్‌ఎల్ బ్లాక్. అందులో పెడితే మ్యాపు వచ్చింది, కానీ ఫోన్‌లో కుడివైపు సగం తెర దాటి పోయింది. కోడ్‌లో వెడల్పు 600 అని ఉంది, ఫోన్ తెరకి అంత వెడల్పు లేదు. ఆ 600 తీసి నూరు శాతం అని రాయమన్నాడు పుణే నుంచి మావాడు. వర్డ్‌లో పెట్టుకుని, పాత అంకెనీ దాని చుట్టూ కోట్ గుర్తుల్నీ చెరిపి మళ్లీ టైపు చేసి అతికించాను. ఈసారి మ్యాపు సన్నగా, పొడుగ్గా, సందులో ఇరుక్కున్నట్టు వచ్చింది. వర్డ్ ఆ నిలువు కోట్ గుర్తుల్ని అందంగా వంకర కోట్లుగా మార్చేసిందట. బ్రౌజర్‌కి వంకర కోట్లు అర్థం కావు, వెడల్పు తెలియక తనకి తోచిన 300 పెట్టేసుకుంది. ఇది కనుక్కోవడానికి మావాడికి కూడా ఒక సాయంత్రం పట్టింది. అప్పటి నుంచి కోడ్ అంటే నోట్‌ప్యాడ్‌లోనే. ఇది కష్టం కాదు, చికాకు. చికాకులో ఒక మేలుంది, తప్పు కళ్లెదుట కనిపిస్తుంది.

కౌంటర్ మాత్రం మొదటిసారికే చక్కగా అతికింది. ఒక్కటే లైను. చూసినవాళ్ల సంఖ్య, పక్కన వాళ్ల దేశాల జెండాలు బుల్లి బుల్లిగా. మా మరిది 2007 ప్రాంతాల్లో తెలుగు బ్లాగు రాసేవాడు. లేఖిని సైట్‌లో టైపు చేసి, తెలుగు బ్లాగుల్ని ఒకచోట చూపించే కూడలిలో తన టపా కనపడిందో లేదో చూసుకుని, ఆ తర్వాత పక్కన ఉన్న కౌంటర్ అంకె చూసుకుని పడుకునేవాడు. ఆ రోజుల్లో కౌంటర్ లేని తెలుగు బ్లాగు నాకు గుర్తులేదు. నా సైట్‌లోనూ ఒకటి ఉండాలని ముచ్చటపడ్డాను, అంతే. ఒకసారి బోట్స్వానా జెండా వచ్చింది. అక్కడ ఎవరు నా మాయామాళవగౌళ చూశారో ఇప్పటికీ తెలియదు. ఏళ్ల తరబడి ఆ కౌంటర్ తన పని తాను చేసుకుంటూ పోయింది.

బెట్టింగ్ గొడవకి ముందే మార్చిలో ఇంకో తలనొప్పి వచ్చింది. మన ఉదయం ఆరున్నర క్లాసు చలికాలంలో న్యూజెర్సీ వాళ్లకి రాత్రి 8 గంటలు. మార్చి 9న అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకి జరిపారు. క్యాలెండర్ విడ్జెట్ తనంతట తానే వాళ్లకి 9 అని చూపించింది. అది సరైన టైమే. కానీ ఎనిమిదేళ్ల పిల్లకి రాత్రి తొమ్మిది నిద్రవేళ. తల్లిదండ్రులు టీచరే టైమ్ మార్చేసిందనుకున్నారు. మన దేశంలో గడియారం ఎప్పుడూ జరగదు, జరిగింది మీ వైపే అని నచ్చచెప్పడంలో ఉండగా ఈ రెండోది వచ్చిపడింది. అప్పటికే సైట్ మీద వాళ్లకి నమ్మకం సడలి ఉంది.

ఆ తర్వాత ఫోన్లు వరసగా వచ్చాయి. కౌకూర్ నుంచి ఒకరు, డాలస్ నుంచి ఒకరు. డాలస్ ఆవిడ తెరని వీడియో తీసి పంపింది. నా ఫోటో, తంబురా, పక్కన "అడ్మిషన్లు జరుగుతున్నాయి" అన్న అక్షరాలు. ఆవిడ వేలు కిందికి జరిపింది. అంతే, తెరంతా ఆకుపచ్చ మైదానం, రూపాయల గుర్తులు, బోనస్ అన్న అక్షరాలు. ఆ వీడియో చూశాక నాకు అన్నం సహించలేదు. నా బొమ్మ మీద నుంచే జనం అక్కడికి వెళ్తున్నారు. అయినా నేను తెరిస్తే మాత్రం సైట్ ఎప్పటిలా అమాయకంగా ఉంటుంది.

ఏటా డబ్బు కడుతున్న సైట్ బిల్డర్ కంపెనీ వాళ్ల చాట్‌లో అడిగాను. మా వైపు అంతా సవ్యంగా ఉంది, క్యాష్ క్లియర్ చేసి చూడండి అన్నారు. వీడియో పంపాను. బయటి కోడ్‌కి మాది బాధ్యత కాదు అన్నారు. ఏది బయటి కోడ్, ఏది వాళ్లదో నాకెలా తెలుస్తుంది? అడిగితే చాట్ ముగిసింది, మా సేవకి ఎన్ని నక్షత్రాలిస్తారు అన్న పెట్టె వచ్చింది. సుచిత్ర సర్కిల్ వైపు వెబ్‌సైట్లు చేసే ఒకాయన చూసి, సైట్ హ్యాక్ అయింది, మొత్తం తీసేసి కొత్తగా కట్టాలి, పాతిక వేలవుతుంది అన్నాడు. పాస్‌వర్డ్ మార్చాను. మార్చినా బెట్టింగ్ పేజీ వస్తూనే ఉంది. అప్పుడు నిజంగా భయం వేసింది. తాళం మార్చినా లోపల ఎవరో తిరుగుతున్నారంటే ఏమనుకోవాలి?

ఒక పాపని మాన్పించారు. కారణం చెప్పలేదు. ఆ పాప వర్ణం మొదలుపెట్టి రెండు వారాలయింది.

చివరికి చిన్నప్పుడు నా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి, ఇప్పుడు మేడ్చల్ వైపు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, సంగతి విని ఆదివారం ఎంఎంటీఎస్ ఎక్కి వచ్చాడు. వస్తూ తన పాత ఫోన్ తెచ్చాడు, అంతా చెరిపేసి కొత్తదానిలా చేసి. "టీచర్, మీ వైఫై వద్దు, మీ లింకూ వద్దు" అన్నాడు. సిమ్ డేటా పెట్టి, గూగుల్‌లో మచ్చ బొల్లారం సంగీతం క్లాసులు అని టైపు చేసి, వచ్చిన వాటిలో మన సైట్ నొక్కాడు. పేజీ వచ్చింది. ఫోన్ నా చేతికిచ్చి "ఫోటో మీద వేలు పెట్టండి" అన్నాడు. పెట్టాను. ఆకుపచ్చ మైదానం వచ్చింది.

ఏడుపొచ్చింది, కానీ అది ఊరట. ఇన్నాళ్లకి నా కళ్లతో చూశాను. మా వారిని పిలిచి చూపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చూసి, వెనక్కి నొక్కి మళ్లీ తెరిచారు. ఈసారి సరళీ స్వరాలే వచ్చాయి. "చూశారా అంకుల్, ఒకసారి చూపించినవాళ్లకి మళ్లీ చూపించదు" అన్నాడు అబ్బాయి. ఫోన్ అయితేనే, వెతుక్కుంటూ వచ్చిన కొత్త మనిషి అయితేనే, అదీ తెరని తాకాకే. రోజూ వచ్చే యజమానికి కనిపించకుండా ఉండటానికే అలా రాస్తారట.

తర్వాత ల్యాప్‌టాప్‌లో ఎఫ్ 12 నొక్కి ఒక కిటికీ తెరిచాడు. అందులో నెట్‌వర్క్ అని ఒక భాగం. సైట్‌ని మళ్లీ లోడ్ చేస్తే అందులో వరసలు జలజలా రాలాయి. నా పేజీ తెరుచుకోవడానికి ఎవరెవర్ని పిలుస్తోందో ఆ జాబితా. నాలుగు ఫోటోలు, పది వాక్యాలున్న పేజీకి అన్ని చిరునామాలా అనిపించింది. ప్రతి వరసకీ పక్కన ఇనిషియేటర్ అన్న గడి ఉంది. ఈ చిరునామాని పిలిచింది ఎవరు అని అది చెప్తుంది. కిందికి జరుపుతూ ఒకచోట ఆగాడు. గూగుల్ పేరులా కనిపించే చిరునామా, కానీ ఒక అక్షరం తేడా. పక్క గడిలో, దాన్ని పిలిచింది నా కౌంటర్. కౌంటర్ లైను తీసేసి, ఫోన్ మళ్లీ మొత్తం చెరిపి, కొత్త మనిషిలా వచ్చి చూశాడు. ఆకుపచ్చ మైదానం లేదు. మిగిలిన విడ్జెట్లని కూడా ఒక్కొక్కటే తీసి, పెట్టి చూశాడు. వాటిలో ఏమీ లేదు.

నా సైట్‌ని ఎవరూ హ్యాక్ చేయలేదు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. నేను అతికించిన లైను కూడా ఒక్క అక్షరం మారలేదు. మారింది అవతల. కౌంటర్ నడిపినవాళ్లు దాన్ని వదిలేశారు, ఆ చిరునామాని ఇంకెవరో కొనుక్కున్నారు. చిరునామాతో పాటు నా పేజీ కూడా వాళ్ల చేతికి వెళ్లింది. ఎందుకంటే నేను అతికించినది కౌంటర్ కాదు, "ఫలానా చోటికి వెళ్లి వాళ్లు ఏమిస్తే అది తెచ్చి నడుపు" అన్న ఒక ఉత్తర్వు. ఎవరు సైట్ తెరిచినా ఆ ఉత్తర్వు కొత్తగా అమలవుతుంది. ఆ రోజు వాళ్లు జెండాలిస్తే జెండాలు, బెట్టింగ్ ఇస్తే బెట్టింగ్.

మరి మ్యాపు కూడా బయటిదే కదా అని అడిగాను. దానికి వాడు మా ఇంటినే చూపించాడు. మ్యాపు ఐఫ్రేమ్. అంటే వీధి వైపు పోర్షన్ అద్దెకిచ్చినట్టు, వాళ్ల గదిలో వాళ్లుంటారు, మన వంటింట్లోకి రారు. కౌంటర్ స్క్రిప్ట్. దానికి ఇంటి తాళాలన్నీ ఇచ్చినట్టే. అద్దెకున్నవాడు మంచివాడే కావచ్చు, వాడు ఖాళీ చేస్తూ ఆ తాళాలు ఇంకెవరికో అమ్ముకుంటే మనకి తెలియదు. అతికించేటప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, అవే కోణపు బ్రాకెట్లు. కోడింగ్ అక్కర్లేదన్న మాట అతికించడం వరకే నిజం. అతికించింది ఏం చేస్తోందో చూడాలంటే ఎఫ్ 12 నొక్కే మనిషి కావాలి. ఆ సంగతి ఏ పెద్దక్షరాల్లోనూ ఉండదు.

ఇది నా ఒక్కదాని తలరాత కాదని చెప్పడానికి అబ్బాయి పెద్ద కథలే చెప్పాడు. పాలీఫిల్ అనే చిన్న స్క్రిప్ట్ ఉండేది, పాత బ్రౌజర్లలో కొత్త సైట్లు పనిచేసేలా చూసేది. లక్షకి పైగా సైట్లు దాన్ని వాడాయి. 2024 ఫిబ్రవరిలో ఆ చిరునామాని ఫన్నల్ అనే చైనా కంపెనీ కొన్నది. దాన్ని మొదట తయారుచేసిన ఆండ్రూ బెట్స్ అప్పుడే అందరూ తీసేయండని హెచ్చరించాడు. తీసినవాళ్లు తీశారు. జూన్‌లో శాన్‌సెక్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది, ఆ స్క్రిప్ట్ ఫోన్లలో చూసేవాళ్లని స్పోర్ట్స్ బెట్టింగ్ సైట్‌కి తోలుతోందని. గూగుల్ పేరుని పోలిన చిరునామా, కొన్ని ఫోన్లకే, కొన్ని వేళల్లోనే, నిర్వాహకుడు చూస్తుంటే గప్‌చుప్. వింటుంటే నా కథని ఎవరో ముందే పెద్దక్షరాల్లో రాసినట్టనిపించింది.

అంతకుముందు 2018 ఫిబ్రవరిలో ఇంకొకటి. చదవలేనివాళ్లకి పేజీని పైకి చదివి వినిపించే బ్రౌజలౌడ్ అనే విడ్జెట్‌లో ఎవరో కాయిన్‌హైవ్ కోడ్ దూర్చారు. సైట్ చూసేవాళ్ల కంప్యూటర్‌ని వాళ్లకి తెలియకుండా మోనెరో అనే క్రిప్టో నాణేలు తవ్వే కూలీగా మార్చే కోడ్ అది. నాలుగు వేల పైచిలుకు సైట్లలో ఒక్క దెబ్బకి నడిచింది. వాటిలో జనం సమాచారాన్ని కాపాడాల్సిన బ్రిటన్ ప్రభుత్వ కార్యాలయం సైట్ కూడా ఉంది. అదే ఏడు సెప్టెంబరులో మన దేశపు భద్రతా పరిశోధకులు అదే కాయిన్‌హైవ్ కోడ్‌ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సైట్లలో పట్టుకున్నారు. పురపాలక శాఖ డైరెక్టర్ సైట్, తిరుపతి కార్పొరేషన్, మాచర్ల మున్సిపాలిటీ. ఇంటి పన్ను చూసుకుందామని వచ్చినవాడి కంప్యూటర్ ఎవడికో నాణేలు తవ్విపెట్టింది. తిరుపతి వాళ్లకే తప్పలేదా అని మా వారు తేలికపడ్డారు. నేను తేలికపడలేదు. కార్పొరేషన్ సైట్ పాడైతే కమిషనర్‌కి కమిషన్ ముట్టిందని ఎవరూ అనరు కదా.

గ్రూపులో వివరంగా రాశాను. తెలుగులో, మిలిటరీ కుటుంబాల కోసం హిందీలో. ఇనిషియేటర్ గడి ఉన్న స్క్రీన్‌షాట్ పెట్టాను. రిసాలా బజార్ ఆయన ఫోన్ చేసి "గట్లనా మేడం, మా ఆఫీసు సైట్ల గూడ చూపిస్త" అన్నాడు. డాలస్ ఆవిడ ముందే నమ్మింది, ఆవిడకి సాఫ్ట్‌వేర్ తెలుసు. చాలామంది బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. చదివారో లేదో తెలియదు. మాన్పించిన కుటుంబానికి విడిగా పంపాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి. పాప రాలేదు. సైట్ బిల్డర్ వాళ్లకీ రాశాను, ఆ కౌంటర్ ఇంకా ఎన్ని సైట్లలో ఉందో చూసి అందరికీ చెప్పండని. టికెట్ నంబర్ వచ్చింది.

ఇప్పుడు సైట్‌లో స్క్రిప్ట్‌లు దాదాపు లేవు. వాట్సాప్ గుండ్రానికి అసలు విడ్జెట్టే అక్కర్లేదట, డబ్ల్యూఏ డాట్ ఎంఈ అన్న చిరునామా వెనక ఫోన్ నంబర్ పెట్టి మామూలు లింకు ఇస్తే చాలు, నొక్కగానే చాట్ తెరుచుకుంటుంది. ఇన్నేళ్లూ దానికోసం ఎవరిదో కోడ్ మోశాను. ఫీజుకి యూపీఐ క్యూఆర్ బొమ్మ, అది వట్టి ఫోటో. మ్యాపు ఐఫ్రేమ్ అలాగే ఉంది, నూరు శాతం వెడల్పుతో, నిలువు కోట్లతో.

క్యాలెండర్ ఉంచాలనే అనుకున్నాను. వేసవిలో ఆ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మమ్మల్ని ఫలానా సంస్థ కొనుగోలు చేసింది, మీ సేవల్లో ఏ మార్పూ ఉండదు, కొత్త నిబంధనలకి అంగీకరించండి అని. అబ్బాయికి పంపాను. సెమిస్టర్ పరీక్షలు, అయ్యాక చూస్తానన్నాడు. అప్పటిదాకా దాన్ని కూడా తీసేసి, టైములు నేనే టైపు చేసి పెట్టాను. ఉదయం 6:30 క్లాసు, న్యూజెర్సీ వాళ్లకి రాత్రి 9 గంటలకి, నవంబరు 2 నుంచి 8 గంటలకి.